‘ఆదిత్య 369’ మళ్లీ హాల్లోకి వస్తోంది, పదేళ్ల పిల్లాణ్ణి తీసుకెళ్లాలా?

ప్రశ్న: అన్నా, మాది కందుకూరు. బాలకృష్ణ టైమ్ మెషిన్ సినిమా ‘ఆదిత్య 369’ 2025 ఏప్రిల్ 4న మళ్లీ థియేటర్లలోకి వస్తోందని తెలిసిన దగ్గర్నుంచి నాకు కాలు నిలవడం లేదు. చిన్నప్పుడు టీవీలో ఎప్పుడొచ్చినా వదిలేవాణ్ణి కాదు, హాల్లో మాత్రం ఒక్కసారీ చూడలేదు. మా ఆవిడేమో ఫోన్లో ఉన్న సినిమాకి టికెట్ ఎందుకంటోంది. మా అబ్బయ్యకి పదేళ్లు, ఇంగ్లీషు సినిమాల గ్రాఫిక్స్ చూసి పెరిగాడు. 1991 నాటి టైమ్ మెషిన్ చూసి వాడు నవ్వితే నా ప్రాణం ఉసూరుమంటుంది. తీసుకెళ్లాలా? తీసుకెళ్తే ముందుగా ఏం చెప్పాలి? ఏ ఆటకు పోతే మంచిది?

జవాబు:

తీసుకెళ్లు తమ్ముడూ. ముందుగా మాత్రం వాడికి ఏమీ చెప్పొద్దు. నువ్వడిగిన మూడింటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది ఈ రెండోదే.

నేను నెల్లూరులో రీళ్ల కాలం నుంచి సినిమా హాలు ప్రొజెక్టరు క్యాబిన్లో పనిచేసినవాణ్ణి. ఆర్క్ ల్యాంపులో కార్బన్ కడ్డీలు జరుపుకుంటూ కూర్చున్న రోజులు చూశా, బటన్ నొక్కి టీ తాగడానికి పోయే ఈ రోజులూ చూస్తున్నా. నాలుగు ఆటలు తిప్పేసరికి ఆపరేటర్‌కి సినిమా కంఠతా వచ్చేస్తుంది. ఆ తర్వాత కిటికీలోంచి చూసేదంతా కింద జనం తలకాయల్నే. ఎక్కడ తలలు కదులుతున్నాయి, ఎక్కడ పిల్లలు నీళ్లకోసం లేస్తున్నారు, ఎక్కడ హాలంతా బిగుసుకుపోయింది అన్నది చూస్తే సినిమాలో దమ్మెంతో తెలిసిపోతుంది. పాత సినిమాలకు వచ్చే పిల్లలు సెట్టు అట్టదని వాళ్లంతట వాళ్లు నవ్వడం నేను పెద్దగా చూడలేదు. పక్కన పెద్దోళ్లు ‘అప్పట్లో టెక్నాలజీ లేదు నాన్నా, కాస్త సర్దుకో’ అని చెవిలో ఊదినప్పుడు మాత్రం నవ్వుతారు. సర్దుకోమన్నావంటే ఇందులో ఏదో లోపముందని నువ్వే ఒప్పేసుకున్నట్టు. ఇంక వాడు కథ వదిలేసి ఆ లోపం వెతికే పనిలో పడతాడు. ఆ పనిలో పదేళ్ల పిల్లలు సెన్సారు వాళ్ల కంటే ఘనులు.

ఏదో ఒకటి చెప్పాల్సిందే అని వాడు పట్టుబడితే, మ్యూజియంలో దొంగతనం చూసేసిన ఒక కుర్రాడి కథ అని చెప్పు. అబద్ధమేమీ కాదు. బడి పిల్లలతో కలిసి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లిన కిశోర్ అక్కడ కృష్ణదేవరాయల కాలం నాటి వజ్రాన్ని కొట్టేస్తుంటే కళ్లారా చూస్తాడు, దొంగలు వాడి వెంటపడతారు. ఆ వేషం వేసింది తరుణ్. ‘నువ్వే కావాలి’తో హీరో అయిన ఆ తరుణే, అప్పటికింకా పసివాడు. మీ అబ్బయ్య ఆ కుర్రాడి వెనకే పరిగెత్తుకుంటూ పోయి టైమ్ మెషిన్ దాకా తేలతాడు. అక్కడికి చేరేసరికి యంత్రం రేకుతో చేశారా, అట్టతో చేశారా అని చూసే తీరిక వాడికి ఉండదు.

నా లెక్కలో ఈ సినిమా సైన్స్ ఫిక్షన్ చొక్కా తొడుక్కున్న జానపదం. తక్కువ చేసి అంటున్న మాట కాదిది. ముప్పై నాలుగేళ్ల తర్వాత మళ్లీ వేసినా ఆడుతుందని నేను ధైర్యంగా చెప్పేది అందుకే. దీని దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు గారు కె.వి.రెడ్డి గారి దగ్గర పని నేర్చుకున్న మనిషి. కె.వి.రెడ్డి గారు తీసిన 1957 నాటి ‘మాయాబజార్’కు సింగీతం గారు దర్శకత్వ శాఖలో పనిచేశారు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవి ఎగిరి పోతుంటే ఆ ట్రిక్కు ఎట్ట తీశారని హాల్లో కూర్చున్నవాడెవడూ అడగలేదు. పెళ్లివారిని ఆటపట్టించడానికి రాక్షసుడు భోజనాల మీద పడ్డాడు, అది జనానికి కావాలి. ‘ఆదిత్య’లో యంత్రం కూడా అట్టనే వస్తుంది. దాని లోపలి సంగతులతో సినిమా మన బుర్ర తినదు. ఎక్కినవాళ్లు దిగింది ఎక్కడ, మళ్లీ ఇంటికొచ్చేదెట్ట అన్నదే మనకు పట్టిస్తుంది.

వెనక్కి పోతే 1526, రాయల కొలువు. ముందుకు పోతే 2504, యుద్ధంతో భూమి పాడైపోయి నేల కింద తలదాచుకుంటున్న మనుషులు. ఒక లోకంలో అపాయం దాటి ఇంకో లోకంలో పడే జానపద హీరో ప్రయాణం ఇదే కదా. ఇదే దర్శకుడు ఇదే హీరోతో 1994లో ‘భైరవద్వీపం’ తీసినప్పుడు జనం కొత్తగా ఫీలవలేదు, ఎందుకంటే అప్పటికే ఒకసారి ఆ దారిలో పోయొచ్చారు. ‘ఆదిత్య’కు బీజం హెచ్.జి.వెల్స్ 1895లో రాసిన ‘ది టైమ్ మెషిన్’ నవల నుంచి తీసుకున్నదే. కాకపోతే వెల్స్ మనిషి యంత్రం ఎక్కగానే ముందుకు, 8,02,701వ సంవత్సరానికి పోతాడు. మనవాళ్లు మాత్రం తిన్నగా రాయల దగ్గరికి పోయారు. తెలుగువాడి చేతికి టైమ్ మెషిన్ ఇస్తే ముందు ఎక్కడికి తిప్పుతాడో సింగీతం గారికి బాగా తెలుసు.

ఇక్కడ కాసేపు జిల్లా అభిమానం చూపించుకుంటా, ఓర్చుకో. సింగీతం గారు 1931లో పుట్టింది మన ఉదయగిరిలో. కృష్ణదేవరాయలు ఒడిశా గజపతి రాజుల మీద దండెత్తి ముట్టడి వేసింది ఆ ఉదయగిరి కోటనే. 1513లో మొదలైన ముట్టడి ఏడాదికి పైగా సాగి 1514లో కోట చేతికొచ్చింది. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు విజయనగరం తీసుకుపోయి, గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. హంపిలో ఆ కృష్ణాలయం ఇప్పటికీ ఉంది. ఉదయగిరిలో పుట్టిన దర్శకుడు, రాయల కిరీటం పెట్టుకున్న బాలకృష్ణ! కాకతాళీయమేలే, కానీ చెప్పుకోవడానికి భలేగా ఉంటుంది. 1956లో ‘తెనాలి రామకృష్ణ’లో రాయలుగా వేసింది పెద్దాయన ఎన్.టి.ఆర్. అంటే ఈ కిరీటం తండ్రి నుంచి కొడుక్కి వచ్చిందన్నమాట. ‘ఆదిత్య’లో తెనాలి రామకృష్ణుడు చంద్రమోహన్.

ఈ కథను నమ్మి నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్ దాకా చేర్చింది మన బాలు గారు, గాయకుడు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో వాళ్ల ఇంటిని 2020లో వేదపాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారు, ఆ వీధిలో నడిచేటప్పుడు ఈ సినిమా ఆయన పూనికతో మొదలైందని గుర్తుచేసుకునే వాళ్లు తక్కువ. పాటలు రాసినవాళ్లలో వేటూరి, సిరివెన్నెల పక్కన వెన్నెలకంటి ఉన్నారు, ఆయనా నెల్లూరాయనే. సింగీతం గారు సినిమాల్లోకి రాకముందు సూళ్లూరుపేటలో టీచరుగా ఉండి పిల్లలతో నాటకాలు వేయించారు. శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ లేచింది 1971లో. అంతకు ఎన్నో ఏళ్ల ముందే, టైమ్ మెషిన్ సినిమా తీయబోయే మనిషి ఆ ఊళ్లో బ్లాక్‌బోర్డు ముందు నిలబడ్డాడు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు పోయింది, ప్రకాశం నుంచి మీ కందుకూరు మాకొచ్చింది. ఈ మార్పిడిలో మనకే నష్టం అనేవాళ్లున్నారు. నేననను, నువ్వు నొచ్చుకుంటావు.

ఇంక మరదలు అడిగిన మాట. ఫోన్లో ఉన్నదానికి డబ్బులెందుకు అనడంలో తప్పేమీ లేదు, చాలా పాత సినిమాలకు నేనూ అదే అంటా. దీనికి మాత్రం అనను. మనం టీవీలోనూ ఫోన్లోనూ చూస్తూ వచ్చింది కాపీ నుంచి తీసిన కాపీల్ని. రంగుల ప్రింటు పాతబడేకొద్దీ అందులో నీలి ఛాయ ముందు పోతుంది, ఎరుపు మిగులుతుంది. పాత ప్రింట్లన్నీ మందారం రంగులోకి తిరిగేది అందుకే. ఇప్పుడు వేసేది 4కెలో శుభ్రం చేసిన బొమ్మ, చుట్టూ స్పీకర్లలో వినపడే 5.1 సౌండు. 4కె అంటే ఒక్కో ఫ్రేమునూ అడ్డంగా దాదాపు నాలుగు వేల చుక్కలుగా కొలిచి పెట్టడం. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన రెండు గంటల ఇరవై నిమిషాల సినిమాలో రెండు లక్షల పైచిలుకు ఫ్రేములుంటాయి. గీతలు, దుమ్ము, రంగు మారడం, అన్నీ ఈ లెక్కన చూసుకుంటూ పోవాలి.

ఆ కష్టమంతా ఈ సినిమాకి ఎందుకు కలిసొస్తుందంటే, దీనికి ముగ్గురు ఛాయాగ్రాహకులు. పి.సి.శ్రీరామ్ మొదలుపెట్టారు, ఆయన ఆరోగ్యం బాగోక రాయల కాలాన్ని వి.ఎస్.ఆర్.స్వామి, భవిష్యత్తును కబీర్‌లాల్ తీశారు. ఇబ్బందిలోంచి వచ్చిన ఏర్పాటే అయినా, ఒక్కో కాలానికి ఒక్కో చూపు దొరికింది. కొలువు కూటంలో దీపాల వెలుగుకూ, 2504లో గొట్టపు దీపాల వెలుగుకూ ఎంత తేడా ఉందో ఫోను తెర మీద ఎవడికి తెలుస్తుంది? మూడూ కలిసి ఒకే ముద్దగా కనపడతాయి. మరదలికి సినిమా అంత పట్టకపోతే పాటల మాట చెప్పు. ‘జాణవులే నెరజాణవులే’కి ఇళయరాజా గారు పేర్చిన వాయిద్యాలు ఫోను స్పీకర్లో సగం కూడా వినపడవు. ఆ పాట కోసమే టికెట్ కొన్నా దండగ అనిపించదు.

అయితే 4కె గురించి ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే రేపు నువ్వు నన్ను తిడతావు. అప్పటికి మన దగ్గర కంప్యూటర్ గ్రాఫిక్స్ లేనట్టే. ఒకే ఫిల్మును వెనక్కి చుట్టి రెండోసారి తీయడం, తెరలో కొంత భాగాన్ని నల్లగా మూసి తర్వాత అక్కడ వేరే బొమ్మ ఎక్కించడం, చిన్న నమూనాను దగ్గరగా తీసి పెద్దదిగా చూపించడం, ఆనాటి ట్రిక్కులంటే ఇవి. ఇట్ట రెండు మూడుసార్లు ఎక్కించిన చోట గింజ, అంటే ఇసక చల్లినట్టుండే గరుకు, ఎక్కువవుతుంది, అంచుల్లో సన్నటి గీత వస్తుంది. మామూలు ప్రింటులో ఆ గీత మసకలో కలిసిపోయేది. శుభ్రం చేసిన బొమ్మలో అది పైకి తేలొచ్చు. నీకు కనపడితే చూసీ చూడనట్టు ఊరుకో, అబ్బయ్యకి మోచేత్తో పొడిచి చూపించకు. బయటికొచ్చాక వాడే అడిగితే అప్పుడు ఎట్ట తీశారో విప్పి చెప్పు. అప్పుడది వాడికి లోపంగా కాక గారడీ రహస్యంగా వినపడుతుంది. ఇంటికెళ్లి ఫోనుతో తనూ ఒకటి తీస్తానంటాడు చూడు.

ఇంకో సంగతి, పోస్టరు మీద 4కె అని ఉన్నంత మాత్రాన మన చిన్న ఊళ్లలో పడేది 4కె కాదు. చాలా హాళ్లలో ప్రొజెక్టరు 2కెదే, అంటే అడ్డంగా సగం చుక్కలే, బొమ్మ దాని తాహతుకు తగ్గి పడుతుంది. అయినా ఏం ఫర్వాలేదు, నువ్వు ఇన్నాళ్లూ టీవీలో చూసినదానికీ దీనికీ పోలికే లేదు. నాకైతే ప్రొజెక్టరు కన్నా హాల్లో స్పీకర్లు సరిగా ఉండటమే ఎక్కువ పట్టింపు.

పిల్లాడితో చూసేటప్పుడు కొన్ని చోట్ల ఇబ్బందిగా ఉంటుందేమో కూడా అడగాలనుకుని ఆగిపోయావనిపించింది. సిల్క్ స్మిత నాట్యం ఉంది, యుగళగీతాలున్నాయి, కానిస్టేబుళ్ల హాస్యంలో కొంత ఇప్పుడు పాతబడింది. ఈ రోజు టీవీలో వచ్చే వాటితో చూస్తే ఇవేమీ లెక్కలోకి రావు. మోహిని, బాలకృష్ణల పాటల్లో ఒకదానికి వాడు పాప్‌కార్న్ కోసం బయటికి పోతానంటే పోనీ.

సైన్సు గురించి నీకు టెన్షన్ ఉంటే అది మాత్రం పెట్టుకోవాల్సిందే, ఎందుకంటే ఈ కాలపు పిల్లలు అడుగుతారు. టైమ్ మెషిన్ నిజంగా ఉంటుందా అని అడిగితే లేదని కొట్టిపారేయకు, ఉందని కోతలూ కోయకు. కాలం అందరికీ ఒకే వేగంతో నడవదన్నది ఐన్‌స్టీన్ చెప్పిన నిజం. వాడి చేతిలోని ఫోనే సాక్ష్యం. దారి చూపించే జీపీఎస్ ఉపగ్రహాల్లో అణు గడియారాలుంటాయి. అవి వేగంగా తిరగడం వల్ల రోజుకు 7 మైక్రోసెకన్లు వెనకబడతాయి, భూమి ఆకర్షణ అక్కడ తక్కువ కావడం వల్ల 45 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. తీసేస్తే రోజుకు 38 మైక్రోసెకన్లు మన గడియారాల కన్నా ముందుంటాయి. ఆ కాస్త సమయంలో వెలుతురు 11 కిలోమీటర్లు పోతుంది. కాబట్టి ఆ తేడాను సరిచేయకుండా వదిలేస్తే, ఒక్క రోజుకే మ్యాపు నిన్ను కందుకూరు బస్టాండులో కాకుండా ఏ పొలాల్లోనో నిలబెడుతుంది. జీపీఎస్ లాంటి మన సొంత ఏర్పాటు నావిక్ ఉపగ్రహాల్లోనూ అణు గడియారాలున్నాయి, వాటిలో మొదటిది 2013 జులై 1న శ్రీహరికోట నుంచి పోయింది. ముందుకు పోవడానికి, అణువంతైనా సరే, ప్రకృతిలో దారి ఉంది. వెనక్కి, రాయల దగ్గరికి పోవడానికి ఇంతవరకూ ఎవరికీ దారి దొరకలేదు. ఇంతవరకు చెబితే చాలు, మిగతా ప్రశ్నలు వాడే తయారు చేసుకుంటాడు.

చరిత్ర అడిగితే ఇంకా తేలిక. 1526 అంటే పానిపట్టులో బాబరు గెలిచిన ఏడాది. ఉత్తరాన మొగలుల పాలన మొదలవుతుంటే దక్షిణాన రాయల రాజ్యం వెలిగిపోతోంది, ఇంకో మూడేళ్లకు, 1529లో, రాయలు పోయాడు. బడి పుస్తకంలో వేరువేరు పాఠాలుగా ఉండే ఈ రెండూ ఒకే ఏడాది ముచ్చట్లని తెలిస్తే పిల్లలకు భలే ఆశ్చర్యం. వేసవి సెలవుల్లో ఎండ తగ్గిన పూట ఉదయగిరి తీసుకుపో. హైదరాబాదు పోయే పనిబడితే సాలార్‌జంగ్‌లో గంటకోసారి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం దగ్గర నిలబెట్టు. సినిమాలో వజ్రం అక్కడ లేదని ముందే చెప్పు, లేకపోతే మ్యూజియం అంతా తిప్పిస్తాడు.

ఇక ఏ ఆట అన్నావు. నా సలహా విని రెండు టికెట్ల డబ్బులు పక్కన పెట్టుకో. శుక్రవారం మొదటి ఆట నీకు, నీతో పాటు టీవీ ముందు కూర్చుని పెరిగిన నీ స్నేహితులకు. ఆ ఆటలో పేపర్లు ఎగురుతాయి, ఈలలు పడతాయి, ‘జై బాలయ్య’ కేకల్లో మాటలు సగం వినపడవు. జంధ్యాల గారి సంభాషణలు వినాలనుకునేవాడికి అది సరైన ఆట కాదు, గొంతు చించుకోవాలనుకునేవాడికి అంతకు మించింది లేదు. ఇన్నేళ్లు దాచుకున్న సంబరమంతా అక్కడ ఖర్చు పెట్టేయ్. అట్ట ఖర్చు పెట్టకుండా పిల్లాడి పక్కన కూర్చుంటే, ప్రతి సీనుకూ తెర వదిలేసి వాడి మొహం చూస్తావు. ‘నచ్చిందా, నచ్చిందా’ అని తండ్రి కళ్లతోనే అడుగుతుంటే ఏ పిల్లాడికైనా విసుగు పుడుతుంది. ఆనందం నీది, దాన్ని మోసే పని వాడికి పెట్టకు. వాడికి నచ్చకపోతే నచ్చకపోనీ, నీ సినిమా నీకుంటుంది.

ఇంటిల్లిపాదీ పోవడానికి సోమవారం మ్యాట్నీ పెట్టుకో. ఆదివారం శ్రీరామనవమి, జనం ఎక్కువ, పానకం తాగిన పిల్లలు హాల్లో నిద్రపోతారు. ఒంటిపూట బడులే కాబట్టి సోమవారం మధ్యాహ్నానికి వాడు ఇంట్లో ఉంటాడు. ముందు వరసలు వద్దు, మరీ వెనకా వద్దు. వెనక గోడ నుంచి మూడో వంతు ముందుకొచ్చి మధ్యలో కూర్చుంటే చుట్టూ ఉన్న స్పీకర్లు సమానంగా వినపడతాయి.

రెండో భాగం సంగతి మాత్రం వాడికి ఇప్పుడే ఎక్కించకు. కొడుకు మోక్షజ్ఞతో ‘ఆదిత్య 999 మ్యాక్స్’ అని బాలకృష్ణ గారు చెప్పిన మాట నిజమే, వచ్చినప్పుడు చూద్దాం. పిల్లలకు మాటిచ్చి సినిమా వాళ్ల తేదీల మీద ఆధారపడకూడదు.

మీ ఊళ్లో వేయకపోతే కావలిగానీ ఒంగోలుగానీ చూసుకో. ఏ ఊరైనా, బయలుదేరే ముందు హాలుకి ఫోన్ చేసి ‘కీ వచ్చిందా’ అని అడుగు. ఈ రోజుల్లో సినిమా డిస్కులో ముందే వచ్చి కూర్చుంటుంది, దాన్ని తెరిచే డిజిటల్ తాళం మాత్రం విడిగా రావాలి. అది రాకపోతే ఆపరేటర్ చేతిలో ఏమీ ఉండదు, ఆట గంట ఆలస్యమవుతుంది. రీ-రిలీజుల మొదటి ఆటలకు ఇది మామూలే. నీకైతే గేటు దగ్గర అరుచుకుంటూ ఆ గంట గడిచిపోతుంది, పిల్లాడితో పోయే రోజు మాత్రం ఫోన్ చేయకుండా కదలొద్దు.